నలభై మూడు దగ్గర ఆగిన ఎనిమిది కంప్యూటర్లు

పని నేర్పమని వచ్చేవాళ్ళకి నేను మొదటి రోజు స్క్రూడ్రైవర్ ఇవ్వను. ఒక కుర్చీ వేసి, పాడైన కంప్యూటర్ ఎదురుగా కూర్చోబెట్టి, దాన్ని రోజూ వాడేవాళ్ళతో గంటసేపు మాట్లాడమంటాను. చాలామందికి చిరాకొస్తుంది. ఇద్దరు మర్నాడు మళ్ళీ రాలేదు. రాకపోవడమే మంచిదయింది. ఈ పనిలో చేతిదురద ఉన్నవాడు చేసే నష్టం పిడుగు కూడా చెయ్యదు. ఈ మాట ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఆ దురద నాకే చాలా ఏళ్ళు ఉండేది.

మాది పార్వతీపురం. తొంభైల మధ్యలో కోరాపుట్‌లో ఒక చిన్న కంపెనీలో సర్వీసు ఇంజినీరుగా చేరాను. కోరాపుట్, రాయగడ జిల్లాలు రెండూ నా నెత్తిన పెట్టారు. ఇంజినీరు అన్నది కార్డు మీద మాట. అసలు ఉద్యోగం సంచి మోయడం. అందులో స్క్రూడ్రైవర్లు, ఒక ర్యామ్, ఒక సీడీ డ్రైవు, పాతిక ఫ్లాపీలు, ఒక తువ్వాలు, అటుకుల పొట్లం. ఘాట్ రోడ్డు బస్సుల్లో ఆ సంచిని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తిరిగాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో రాయను, అది చదివి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. నేను తిన్న మొట్టికాయల గురించి రాస్తాను.

మధ్యాహ్నం లేచే మెషీను

పొట్టంగి వైపు ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆన్ అవడం లేదని కబురొచ్చింది. శ్రావణమాసం, ముసురు, మంచు. పొద్దున్న మొదటి బస్సుకి వెళ్ళాను. ఆ ఆఫీసు ఊడ్చే ఆవిడ, పేరు దొయిమతి, నేను సంచి దించుతుండగానే దేశియాలో, అంటే అక్కడి కొండ యాసలో, ఏదో చెప్పింది. పక్కనున్న గుమాస్తా నాకు తెలుగులో చెప్పాడు, "పొద్దుట లేపితే లెగదంటండి, మజ్జేనం లెగుస్తాదంట."

నేను నవ్వాను. కంప్యూటర్ ఏమైనా మనిషా, మధ్యాహ్నం లేవడానికి? పెట్టె విప్పాను. ర్యామ్ మార్చాను, డిస్కు మార్చాను, విండోస్ కొత్తగా వేద్దామని ఫ్లాపీ పెట్టాను. ఏదీ పని చెయ్యలేదు. చెమటలు కక్కి, అన్నీ మళ్ళీ యథాస్థానంలో పెట్టి భోజనానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఎండ కాసింది, గదిలో వేడి చేరింది, మెషీను దానంతట అది లేచి కూర్చుంది. దొయిమతి చీపురు పట్టుకుని నా ముందు నుంచి నెమ్మదిగా నడిచి వెళ్ళింది, అంతే. లోపల తడి పట్టడమే జబ్బు. ఆ గదిలో ఒక బీరువాలో అరవై వాట్ల బల్బు పెట్టించి, ఫ్లాపీలన్నీ అందులో పెట్టించాను. కంప్యూటర్ పక్కన కూడా ఒక బల్బు వేలాడదీయించాను. ఆ వర్షాకాలం మళ్ళీ నన్ను పిలవలేదు.

కోరాపుట్ తిరిగి వచ్చాక మా అధికారి మిశ్రా బాబు అంతా విన్నాడు. పొట్టి మనిషి, నోట్లో ఎప్పుడూ పాన్, ఎవరినీ పొగిడిన పాపాన పోలేదు. "ఆగె దేఖ, తాపరె హాత దిఅ" అన్నాడు. ముందు చూడు, తర్వాత చెయ్యి పెట్టు అని. నాతో పనిచేసినన్నాళ్ళూ ఆ మాట కనీసం వందసార్లు అని ఉంటాడు. ఆయన చాలా విషయాల్లో నాకు నచ్చలేదు. మా చేత ఆదివారాలు కూడా పని చేయించేవాడు, తప్పు తనదైతే ఒప్పుకునేవాడు కాదు. ఈ ఒక్క మాటకి మాత్రం ఆయనకి దణ్ణం పెడతాను.

మాట విన్నాను కానీ ఒంటపట్టలేదు. ఒంటపట్టించింది రాయగడలో ఒకమ్మాయి.

పసుపు గోదాం మీద గది

సూర్యనారాయణ గారిది రాయగడలో పసుపు, అల్లం, చింతపండు టోకు వ్యాపారం. తాతల కాలంలో బొబ్బిలి నుంచి వచ్చారు. నారాయణపట్న కొండల మీద నుంచి అల్లం దిగిందంటే సగం ఆయన గుమ్మంలోకే వచ్చేది. ఆయన కూతురు నీలవేణి డిగ్రీ అయ్యాక భువనేశ్వర్‌లో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి, గోదాం పైన ఉన్న గదిలో శిక్షణ కేంద్రం పెడతానంది. ఆయనకి ఇష్టం లేదు. ఆ గదిలో పసుపు బస్తాలు ఎండబెట్టి ఉంచేవారు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు, నా ముందే చెప్పారు. "అమ్మీ, ఒక్క ఏడాది. సర్కారోళ్ళు వచ్చి సూసి, గుర్తింపు ఇచ్చేరా, గది నీది. ఇవ్వలేదా, నా బస్తాలు నాకు ఎక్కించీ."

ఎనిమిది కంప్యూటర్లు నేనే దించాను. పాత విండోస్ తొంభై అయిదు వేసి ఉన్నాయి. ఏడాది గడుస్తుండగా ఫిబ్రవరిలో సర్కారు నుంచి ఉత్తరం వచ్చింది. తనిఖీకి వస్తున్నాం, అన్ని మెషీన్లలో విండోస్ తొంభై ఎనిమిది ఉండాలి, లేకపోతే గుర్తింపు ప్రశ్నే లేదు. తనిఖీ శుక్రవారం పదకొండింటికి. నేను గురువారం పొద్దున్న రైలు దిగాను.

నీలవేణి అన్నీ సిద్ధం చేసి ఉంచింది. విద్యార్థుల పాఠాలు ఫ్లాపీల్లోకి ఎక్కించింది. కొత్త విండోస్ సీడీ దసరాల ముందే వచ్చింది, దాని సీలు విప్పింది నేనే. పండగయ్యాక అది మళ్ళీ తన కవర్లోకి పోయింది, అప్పటినుంచి ఎవరూ తీయలేదు.

పాతదాని మీద కొత్తది వేస్తే తలనొప్పులు ఎక్కువ, తుడిచేసి వేస్తే శుభ్రంగా ఉంటుంది. ఇది నిజమే. తొందరలో నేను చేసింది మాత్రం మూర్ఖత్వం. వరసగా ఎనిమిదీ తుడుచుకుంటూ పోయాను. మూడోది తుడుస్తుండగా నీలవేణి అంది:

"సార్, ఒకదాన్లో ఏసి సూసేక మిగతావి తుడవొచ్చు కదండీ?"

"ఇలాంటివి వందల్లో వేశానమ్మా" అన్నాను. వందల్లో వేసిన మాట అబద్ధం, యాభై ఉంటాయేమో. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. నేను ఎనిమిది కుండలు పొయ్యి మీద పెట్టి, మెతుకు పట్టకుండానే విస్తళ్ళు పరిచాను.

మొదటి మెషీను ఫైళ్ళు కాపీ చేసుకుంటూ ఇరవై, ముప్ఫై, నలభై శాతం వరకు వెళ్ళి బిగుసుకుపోయింది. పర్వాలేదు, ఆ రోజుల్లో ఇది మామూలే. ఇలా బిగుసుకుంటే రీసెట్ నొక్కకూడదు. కరెంటు పూర్తిగా ఆపి, పది లెక్కపెట్టి మళ్ళీ వెయ్యాలి. ఎక్కడ ఆగిందో దానికి గుర్తుండి, చాలాసార్లు ఆ గుంట దాటుకుని పోతుంది. ఆపి వేశాను. మళ్ళీ బిగుసుకుంది. ర్యామ్ మార్చాను. బిగుసుకుంది. రెండో మెషీను, నా సంచిలో డ్రైవు, కొత్త కేబులు. బిగుసుకుంది. మూడోది, నాలుగోది. పన్నెండు గంటలయ్యేసరికి ఎనిమిది పెట్టెలు మూతలు తీసి, పేగులు బయటపెట్టి ఉన్నాయి. ఏ ఒక్కదాన్లోనూ పాతదీ లేదు, కొత్తదీ లేదు.

ఎస్టీడీ బూతు నుంచి మిశ్రా బాబుకి ఫోన్ చేశాను. ఆయన పాన్ నములుతూ "మదర్‌బోర్డు గొడవ, దాని మీది జంపర్ క్లిప్పు మార్చు" అన్నాడు. మార్చాను. అదీ వృథా. ఆ కబురు కిందికి వెళ్ళినట్టుంది, సూర్యనారాయణ గారు మెట్లెక్కి వచ్చారు. గదంతా చూశారు.

"ఏటి బాబూ, ఒక్కటీ లెగట్లేదేటి?"

నేను ఏవో పెద్ద పెద్ద మాటలు చెప్పాను. ఆయన వినలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి గది పొడుగు వెడల్పు కళ్ళతో కొలిచారు. ఎన్ని బస్తాలు పడతాయో లెక్కవేస్తున్నారని ముగ్గురికీ తెలుసు. నీలవేణి తల దించుకుని ఏదో రాసుకుంటోంది. నాకు ప్రాణం చచ్చిపోయినట్టయింది. అది నా ఉద్యోగం గురించి కాదు. పది నెలలుగా ఆ పిల్ల రోజుకు రెండుసార్లు ఆ గది తడిగుడ్డతో తుడుచుకుని, కింద నుంచి లేచే పసుపు దుమ్ము మెషీన్ల మీద పడకుండా కాపలా కాసింది. అదంతా ఒక్క పూటలో నేను తుడిచేశాను.

ఆమె నోటుపుస్తకం

ఆయన దిగి వెళ్ళాక నీలవేణి పుస్తకం నా ముందు పెట్టింది. పొద్దుటి నుంచి నేను చేసినదంతా అందులో ఉంది. ఏ మెషీను, ఏం మార్చాను, ఏ శాతం దగ్గర ఆగింది. సరిగ్గా ఏ శాతమో నేను చూడనే లేదు, ఆగింది అన్నదే చూశాను. ఆమె గీసిన గడుల్లో చివరి వరస ఇలా ఉంది: నలభై మూడు, నలభై మూడు, నలభై మూడు. పదకొండు ప్రయత్నాలు, పదకొండుసార్లూ అదే.

"సార్, ఎనిమిదిటికీ ఒకే రోజు, ఒకే సోట జబ్బొస్తాదా? అన్నిట్లోకీ ఎల్లొచ్చింది ఒక్కటే కదండీ."

 డ్రైవులోంచి సీడీ తీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నాను. మెరిసే వైపు, మధ్యకీ అంచుకీ నడుమ, బొటనవేలంత మేర పల్చటి పసుపు పొర. గదిలో ట్యూబులైటు కింద అది కనబడలేదు. కనబడలేదని అంటున్నాను కానీ, చూడలేదన్నదే సరి.

ఇంతలో సూర్యనారాయణ గారు మళ్ళీ పైకి వచ్చారు. ఆ మరక ఆయన కంట పడింది. పసుపు వ్యాపారి కంట పసుపు పడకుండా ఎలా ఉంటుంది?

"అమ్మీ! పసుపు సెయ్యితో ముట్టుకున్నావేటి దీన్ని? అందుకే సెప్పేను, ఈ ఇంట్లో ఇలాటి యాపారం మనకొద్దని."

నీలవేణి పుస్తకం మూసేసింది. నాకు దసరా గుర్తొచ్చింది.

ఆ రోజు ఆయుధపూజకి త్రాసులు, తూకం రాళ్ళు, ఖాతా పుస్తకాల పక్కనే ఎనిమిది కంప్యూటర్లని కూడా పూజలో చేర్చారు. కొత్తగా వచ్చిన సీడీని ఇత్తడి పళ్ళెంలో పెట్టారు. పురోహితుడు గంధం, పసుపు కలిపిన ముద్ద వేళ్ళకి అద్దుకుని, దీనికి ముఖం ఎటు నాయనా అని అడిగాడు. అక్కడ అందరిలోకీ తెలిసినవాణ్ణి నేను. అట్టహాసంగా సీలు విప్పి, మెరిసే వైపు పైకి తిప్పి, "ముఖం ఇదేనండీ, చూడండి, మనమే కనిపిస్తున్నాం" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన ఆ ముద్ద పూసి, పైన కుంకుమతో నిండుగా బొట్టు పెట్టాడు. కుంకుమ తర్వాత రాలిపోయి ఉంటుంది. కింద ముద్ద ఎండి అంటుకుపోయింది. నేను పులిహోర తిని రైలెక్కాను.

నోరు మూసుకుని ఉంటే తప్పు ఆ పిల్ల మీదికి పోయేది. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చిందని కూడా రాస్తున్నాను, ఎందుకంటే మీకూ వస్తుంది. ఆ క్షణంలో ఏం చేస్తామన్నదే మనిషిని బట్టి ఉంటుంది.

"ఆవిడ కాదండీ. దసరా నాడు బొట్టు ఇక్కడ పెట్టమని చెప్పింది నేను. పొద్దున్న ఒకదాన్లో వేసి చూడమని ఆవిడ చెప్పినా విననిది కూడా నేనే" అన్నాను.

ఆయన నన్ను చూశారు, కూతుర్ని చూశారు, సీడీని చూశారు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వు మొదలెట్టారు.

"ఇంజినీరు బాబూ, పసుపు గోదాంలోకొచ్చి పసుపుతో ఓడిపోనావేటి? ఇలా ఇయ్యి."

నేను తడిగుడ్డ తీశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "నీళ్ళెట్టకు. పసుపుకి నీళ్ళు సుట్టం, ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాది. కొబ్బరి నూని తే అమ్మీ. నూని తాగితే అదే ఒగ్గెస్తాది. ఆనక సబ్బు. ఆనక ఎండ. పసుపు దేనికైనా నిలుస్తాది గానీ ఎండకి నిలవదు."

నలభై ఏళ్ళు పసుపు తూచిన వేళ్ళు. దూదితో నూనె అద్ది ఆ పొరని నానబెట్టారు. గుండ్రంగా రుద్దొద్దండీ, మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవండి అని మాత్రం నేను చెప్పాను. ఆ పూట నేను చెప్పిన తెలివైన మాట అదొక్కటే. పొర మెత్తబడి దూదికి వచ్చేసింది. నీలవేణి సబ్బునీళ్ళతో జిడ్డు కడిగింది. డాబా మీద పిట్టగోడకి ఆనించి, మరక వైపు ఎండకి పెట్టి, ముగ్గురం కాపలా కూర్చున్నాం. రంగు చూస్తుండగానే పలచబడింది. నిజానికి ఎండ అవసరం లేదు. లేజరుకి అడ్డుపడేది ఆ ముద్ద పొరే కానీ రంగు కాదని తర్వాత అర్థమైంది. అయినా ఆ అరగంట నేను వృథా అనుకోను. తండ్రీ కూతుళ్ళు ఆ కేంద్రం గురించి పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

ఈసారి ఒకే ఒక్క మెషీనులో వేశాం. నలభై రెండు. నలభై మూడు. నలభై నాలుగు. నీలవేణి "అయ్య బాబోయ్!" అని అరిచింది. నేను కూడా అరిచానట, నాకు గుర్తు లేదు. సీడీలో ఉన్నదంతా ముందు హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, అక్కడి నుంచే మిగతావాటికి పంచాం. ఇది మీరు రాసిపెట్టుకోండి: పని అయ్యాక కూడా ఆ ఫైళ్ళు ప్రతి మెషీనులోనూ ఉంచండి. ప్రింటర్ మార్చినా, మౌస్ మార్చినా ఆ విండోస్ సీడీ తెమ్మని అడుగుతుంది. కొండల మీద సీడీ ఎక్కడ దొరుకుతుంది?

దీపాల వేళకి నాలుగు మెషీన్లు అయ్యాయి. మర్నాడు తొమ్మిదిన్నరకి ఏడు. ఎనిమిదోదాంట్లో ఫైళ్ళు పెట్టి, సెటప్ మొదలుపెట్టబోతుంటే నీలవేణి ఆపింది.

"అది ఒగ్గేయండి సార్. నేను సూసుకుంటాను."

ఎనిమిదోది

పదకొండు దాటాక ఇద్దరు వచ్చారు. పెద్దాయన ఏడు మెషీన్లూ చూశాడు, బాగానే ఉన్నాయన్నాడు. ఎనిమిదోది నల్లటి తెరతో ఉండడం చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. నా వైపు తిరిగి హిందీలో అడిగాడు, "మెషీన్ ఖరాబ్ హోగా తో కౌన్ దేఖేగా? ఆప్?" పాడైతే చూసేదెవరు, మీరేనా అని. రైలు మీద రావాల్సిన నన్ను నమ్ముకుని కేంద్రం నడవదని ఆయన ఉద్దేశం. ఆ మాట నిజమే కూడా.

నేను నోరు తెరిచేలోపే నీలవేణి "మై దేఖూంగీ సర్" అంది, నేనే చూస్తానని. కుర్చీ లాక్కుని ఎనిమిదోదాని ముందు కూర్చుంది. డిస్కు ఎలా విభజించామో, ఏ ఫైళ్ళు ఎక్కడ పెట్టామో ఒడియాలో చెబుతూ సెటప్ మొదలెట్టింది. మధ్యలో బిగుసుకుంటే ఏం చేస్తావని రెండో అధికారి అడిగాడు. రీసెట్ నొక్కననీ, కరెంటు ఆపి పది లెక్కపెడతాననీ చెప్పింది. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నా జీవితంలో అంత కష్టపడి చేతులు కట్టుకున్న రోజు ఇంకోటి లేదు.

గుమ్మం దగ్గర సూర్యనారాయణ గారు నిలబడ్డారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. తెర మీద అంకె ముప్ఫై దాటింది. నలభై. నలభై ఒకటి. వచ్చినవాళ్ళకి అందులో ఏమీ లేదు, వాళ్ళు కాగితాలు తిరగేసుకుంటున్నారు. మా ముగ్గురికే ఊపిరి ఆడలేదు. నలభై మూడు దగ్గర అంకె కాస్త నిలిచింది.

"నలభై నాలుగు!" అన్నారు సూర్యనారాయణ గారు, గోదాంలో కాటా దగ్గర తూకం పలికే గొంతుతో. అధికారులిద్దరూ ఉలిక్కిపడ్డారు.

గుర్తింపు కాగితం తర్వాత పోస్టులో వచ్చింది. దానికోసం ఆయన ఆగలేదు. వాళ్ళు మెట్లు దిగగానే మొలతాడుకున్న తాళాల గుత్తి విప్పి, ఒక తాళం తీసి కూతురి చేతిలో పెట్టారు. "పక్క గదిది. బస్తాలు రేపు దించీస్తాను. ఎనిమిది సాలవు."

మిశ్రా బాబుకి జరిగినదంతా చెప్పాను, బొట్టుతో సహా. బయటికెళ్ళి పాన్ ఉమ్మేసి వచ్చాడు. తర్వాత తన జంపర్ సలహా తప్పేనన్నాడు. నేను విన్నంతలో ఆయన తప్పు ఒప్పుకున్నది అదొక్కసారే. రాయగడ అమ్మాయిలా గడులు గీసిన పుస్తకాలు తెప్పించి మా అందరికీ ఒక్కొక్కటి ఇచ్చాడు. రిటైరయిన రోజున నా సంచిలో మిగిలిన పనిముట్లన్నీ పంచేశాను, ఆ పుస్తకాలు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ ఏడు దసరాకి కూడా నన్ను పిలిచారు. రెండు గదుల్లో పదహారు మెషీన్లు. ఇత్తడి పళ్ళెంలో అదే సీడీ. అదే పురోహితుడు వేళ్ళకి పసుపు అద్దుకుని, అలవాటుగా నా వైపు తిరిగి, ముఖం ఎటు నాయనా అన్నాడు.

సూర్యనారాయణ గారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆ బాబుని కాదు పంతులూ. మా అమ్మిని అడుగు."